ఒక తెలుగు మాట, మూడు ఇంగ్లిషు మాటలు: తికమక పదాలను విడదీసుకునే పద్ధతి

"ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్." హనుమకొండలో ఏ ఇంటర్వ్యూ గది ముందు గంటసేపు కూర్చున్నా ఈ వాక్యం ఒక్కసారైనా చెవిన పడుతుంది. అన్నవాళ్ళకు ఇంగ్లిషు రాదని కాదు. మనసులో ఉన్న "రెండేళ్ళ నుంచి" అనే మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లిషులో పెట్టారు, అంతే. తెలుగులో "నుంచి" ఒక్కటే. ఇంగ్లిషులో ఆ చోట సిన్స్, ఫర్, ఫ్రమ్ అని మూడున్నాయి. తప్పు ఆ సందులోనే పుట్టింది.

బజార్లో దొరికే తికమక పదాల పట్టికలు చాలావరకు ఇంట్లో ఇంగ్లిషు మాట్లాడి పెరిగినవాళ్ళ తప్పులను చూసి తయారైనవి. వాళ్ళకు మాట చెవికి తెలుసు, రాసేటప్పుడే స్పెల్లింగు దగ్గర తడబడతారు. మన ఇబ్బంది అంతకు ముందే మొదలవుతుంది. ఏ మాట వాడాలన్న దగ్గరే ఆగిపోతాం. అందుకే ఇక్కడ వరస ఇంగ్లిషు అక్షరాలది కాదు, తెలుగు మాటలది. మీ వాక్యం ఏ తెలుగు మాట దగ్గర జారిందో పట్టుకుంటే సగం పని అయినట్టే. స్పెల్లింగు చెప్పాల్సిన చోట అక్షరాల పేర్లను గీతలతో విడదీసి రాశాం.

మొదటి అడుగు: మీ తప్పులను మీరే పోగేయండి

వంద పేజీల నోట్‌బుక్ ఒకటి చాలు. ఈమధ్య మీరు ఇంగ్లిషులో రాసినవి పది బయటికి తీయండి. లీవ్ లెటర్ కావచ్చు, వాట్సాప్ మెసేజ్ కావచ్చు, ఉద్యోగానికి పంపిన ఈమెయిల్ కావచ్చు. అనుమానం తగిలిన ప్రతి వాక్యాన్ని ఎడమ పేజీలో ఎక్కించండి. దాని కిందే, రాసేటప్పుడు మీ మనసులో మొదట మెదిలిన తెలుగు వాక్యం రాయండి. చాలామంది ఈ పని ఎగ్గొట్టి సరైన ఇంగ్లిషు వాక్యం మాత్రమే రాసుకుంటారు. అప్పుడు ఆ ఒక్క వాక్యం బాగుపడుతుంది గాని, తప్పు పుట్టే చోటు అట్లాగే ఉండిపోతుంది. వారం తిరక్కముందే ఇంకో వాక్యంలో అదే తప్పు దొర్లుతుంది.

ఒక్కో తప్పు పక్కన మూడింటిలో ఒక గుర్తు పెట్టండి. ఒక తెలుగు మాటకు రెండు మూడు ఇంగ్లిషు మాటలు ఉండడం వల్ల వచ్చిందైతే "మాట". కి, తో, గురించి లాంటివి లాక్కొచ్చిందైతే "విభక్తి". వినడానికి ఒకేలా ఉండి వచ్చిందైతే "ధ్వని". ఏ గుర్తు ఎక్కువగా పడిందో చూసి ఆ భాగం నుంచి మొదలుపెట్టండి.

"నుంచి"

అన్నిటికంటే ఎక్కువ మార్కులు, ఉద్యోగాలు పోగొట్టే మాట ఇదే కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడాలి.

"నుంచి"కి ముందు ఏముందో చూడండి. క్యాలెండర్ మీద వేలు పెట్టి చూపించగలిగిన చోటు ఉంటే సిన్స్. ఏళ్ళు, నెలలు, గంటలు అని లెక్కపెట్టే పొడవు ఉంటే ఫర్. కాకతీయ యూనివర్సిటీ 1976లో ఏర్పడింది. 1976 మీద వేలు పెట్టొచ్చు. కాబట్టి "సిన్స్ 1976". వేయిస్తంభాల గుడి కట్టింది 1163లో. "850 ఏళ్ళకు పైగా" అన్నామంటే అది పొడవు. కాబట్టి "ఫర్ మోర్ దాన్ 850 ఇయర్స్". ఒకే గుడి గురించి "సిన్స్ 1163" అనీ అనొచ్చు, "ఫర్ 850 ఇయర్స్" అనీ అనొచ్చు. "సిన్స్ 850 ఇయర్స్" మాత్రం ఎప్పుడూ రాదు.

మాట సరిచేసుకున్నాక క్రియ మిగులుతుంది. "రెండేళ్ళ నుంచి పనిచేస్తున్న" అన్నప్పుడు తెలుగులో వర్తమానమే వస్తుంది. ఇంగ్లిషులో మాత్రం అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి "హావ్ బీన్" కావాలి. "ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్." సిన్స్‌ను ఫర్‌గా మార్చి "ఐ యామ్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్" అని ఆపితే సగమే దిద్దినట్టు. అది ఒప్పందం మీద రెండేళ్ళ పనికి వచ్చినట్టు వినపడుతుంది.

ఫ్రమ్‌కు రెండు సందర్భాలు. ఒకటి, ఇక్కడి నుంచి అక్కడి దాకా అని చివర కూడా చెప్పినప్పుడు: "ఫ్రమ్ కాజీపేట టు సికింద్రాబాద్", "ఫ్రమ్ నైన్ టు ఫైవ్". రెండోది, ఇంకా మొదలుకాని పని: "సోమవారం నుంచి వస్తా" అంటే "ఐ విల్ కమ్ ఫ్రమ్ మండే". ఇక్కడ సిన్స్ పెడితే కుదరదు, సిన్స్ ఎప్పుడూ వెనక్కే చూస్తుంది.

"చూసిన", "పోయిన": భూతకాలం

"నిన్న సారును చూసిన", "ఈ సినిమా చూసిన", "నువ్వు రాకముందే చూసిన". మూడింటికీ మనకు ఒకటే రూపం. ఇంగ్లిషులో మూడు. సిన్స్ లేని వాక్యంలో గడిచిపోయిన తేదీ, రోజు, సంవత్సరం ఏదున్నా సాదా భూతకాలం వాడాలి: "ఐ సా హిమ్ యెస్టర్‌డే". "ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే" తప్పు. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. 2021 అనేసిన తర్వాత "బికేమ్" అనాలి, "హాజ్ బికమ్" కాదు. తేదీ లేకుండా అనుభవం మాత్రమే చెబితే హావ్: "ఐ హావ్ సీన్ దిస్ ఫిల్మ్".

హాడ్ విషయంలో మనవాళ్ళకు ఒక భ్రమ ఉంది. హాడ్ పెడితే వాక్యానికి బరువొస్తుందనుకుంటారు. "ఐ హాడ్ గాన్ టు వరంగల్ యెస్టర్‌డే" అంటే వినేవాళ్ళు తర్వాత ఏం జరిగిందోనని ఎదురుచూస్తారు. ఎందుకంటే రెండు గతాల్లో ముందరిదానికే హాడ్: "ది ట్రెయిన్ హాడ్ లెఫ్ట్ వెన్ వి రీచ్‌డ్ కాజీపేట". ఒక్క సంగతే చెబుతుంటే "ఐ వెంట్" చాలు.

తెలుగులోనే తూకం ఉన్న చోట దాన్నే వాడండి

కొన్ని జంటల విషయంలో తెలుగే ఇంగ్లిషంత పదునుగా విడదీస్తుంది. మనం గమనించకుండా ఇంగ్లిషు నియమాలు బట్టీ పడతాం.

"దాకా", "లోపు" తీసుకోండి. "సాయంత్రం దాకా ఉంటా" అంటే అంతసేపూ ఉండడం. "సాయంత్రం లోపు ఇస్తా" అంటే ఆ గడువు దాటకుండా ఒకసారి ఇవ్వడం. దాకా అంటే అన్‌టిల్, లోపు అంటే బై. "ఐ విల్ సబ్మిట్ ది రికార్డ్ అన్‌టిల్ ఫ్రైడే" అని రాసినవాళ్ళను తెలుగులో చెప్పమంటే "శుక్రవారం లోపు" అనే అంటారు. ఆ మాట ముందు అనుకుంటే తప్పు దొర్లదు.

"మంచి", "మంచిగ". ఈ జంట మన ప్రాంతానికి ఉన్న పెద్ద ఆస్తి. "మంచి పిల్ల" అంటాం, "మంచిగ పాడింది" అంటాం. మంచి అంటే గుడ్, మంచిగ అంటే వెల్. "షి సాంగ్ గుడ్" అని నోటికొస్తే "మంచి పాడింది" అన్నట్టు ఎంత ఎబ్బెట్టుగా ఉందో వినండి. ఒక్క తేడా ఉంది. "హౌ ఆర్ యూ" అంటే "మంచిగున్న" అంటాం. అక్కడ "ఐ యామ్ వెల్", "ఐ యామ్ గుడ్" రెండూ నడుస్తున్నాయి. రాతలో మొదటిదే వాడండి.

ఇదే "గ"ను నమ్ముకుని హార్డ్‌ను హార్డ్‌లీ చేయొద్దు. "కష్టపడి చదివిండు" అంటే "హి స్టడీడ్ హార్డ్". "హి హార్డ్‌లీ స్టడీడ్" అంటే పుస్తకం ముట్టలేదన్నంత అర్థం. "ఐ వర్క్ హార్డ్‌లీ" అని ఇంటర్వ్యూలో అంటే మీ మీద మీరే చెడు చెప్పుకున్నట్టు. లేట్, లేట్‌లీ కూడా ఇంతే. లేట్ అంటే ఆలస్యంగా, లేట్‌లీ అంటే ఈమధ్య.

"తెలుసు, కావాలి, ఇష్టం, ఉంది". వీటికి మనం మామూలుగా "తున్న" చేర్చం. "నాకు తెలుసు" అంటామే గాని అక్కడ "తెలుస్తున్న" అనం. ఇంగ్లిషు కూడా ఇక్కడ ఐ-ఎన్-జి ఒప్పుకోదు. "ఐ యామ్ నోయింగ్", "ఐ యామ్ వాంటింగ్", "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" మూడూ తప్పులే. నో, వాంట్, హావ్ చాలు. "అన్నం తింటున్న" అన్న అర్థంలో మాత్రం "ఐ యామ్ హావింగ్ లంచ్" సరైనదే. అక్కడ తెలుగులోనూ "తున్న" వచ్చింది చూడండి.

"ఎన్ని", "ఎంత". ఎన్ని అయితే మెనీ, ఫ్యూ, ఫ్యూయర్, నంబర్. ఎంత అయితే మచ్, లిటిల్, లెస్, అమౌంట్. ఎన్ని బస్తాలు అంటే "హౌ మెనీ బ్యాగ్స్", ఎంత పత్తి అంటే "హౌ మచ్ కాటన్". ఈ తూకం చాలా దూరం పనిచేస్తుంది గాని నాలుగు చోట్ల మోసం చేస్తుంది. మనకు నీళ్ళు, పాలు, పైసలు, వెంట్రుకలు బహువచనాలు. "ఎన్ని పైసలైనయ్" అంటాం, అందుకే "హౌ మెనీ మనీ" అని వస్తుంది. ఇంగ్లిషులో వాటర్, మిల్క్, మనీ, హెయిర్ లెక్కకు రానివి, కాబట్టి "హౌ మచ్ మనీ". రూపీస్ అంటే మాత్రం లెక్కే: "హౌ మెనీ రూపీస్". ఇవి కాక, చివర ఎస్ ఎప్పటికీ చేర్చకూడని మాటలు కొన్ని గోడకు అంటించుకోదగ్గవి: ఫర్నిచర్, లగేజ్, ఇన్ఫర్మేషన్, ఎక్విప్‌మెంట్, అడ్వైస్, హోంవర్క్. ఒకటే అని చెప్పాలంటే "ఎ పీస్ ఆఫ్" తగిలించండి.

ఫ్యూకు ముందు "ఎ" ఉందా లేదా అన్నది చిన్న సంగతి కాదు. "ఎ ఫ్యూ పీపుల్ కేమ్" అంటే కొందరైతే వచ్చారు. "ఫ్యూ పీపుల్ కేమ్" అంటే వచ్చినా రానట్టే. సభ నివేదికలో ఆ ఒక్క అక్షరం వదిలేస్తే సభ విఫలమైందని రాసినట్టు.

చెప్పు, చూడు, విను, వేయి, దిగు

చెప్పు: సే, టెల్. ఎవరికి చెప్పారో వెంటనే వస్తే టెల్, మధ్యలో టు రాదు: "హి టోల్డ్ మీ". చెప్పిన సంగతి వస్తే సే: "హి సెడ్ దట్...". "హి సెడ్ మీ", "హి టోల్డ్ టు మీ" రెండూ తప్పే, రెండూ "నాకు చెప్పిండు"లోని "కు" వల్ల వచ్చినవే. ఎక్స్‌ప్లెయిన్‌కు మాత్రం టు కావాలి: "ఎక్స్‌ప్లెయిన్ టు మీ". ఈ మూడింటినీ వేరువేరు వారాల్లో నేర్చుకోండి.

చూడు: కళ్ళబడితే సీ, కావాలని చూపు నిలిపితే లుక్ ఎట్, కదిలేదాన్ని కొంతసేపు చూస్తే వాచ్. బస్సు కిటికీలోంచి భద్రకాళి చెరువు కనపడింది, సీ. రామప్పలో మదనిక శిల్పం ముందు ఆగి చూశాం, లుక్ ఎట్. క్రికెట్ మ్యాచ్ చూశాం, వాచ్. వినుకూ ఇదే: చెవిన పడితే హియర్, చెవి పెడితే లిజన్ టు.

వేయి: "ఫ్యాన్ వేయి" అన్న అలవాటులో "పుట్ ది ఫ్యాన్" అంటాం. "టర్న్ ఆన్ ది ఫ్యాన్" అనాలి. దిగు: "గెట్ డౌన్" మన దేశంలో అందరికీ అర్థమవుతుంది గాని, బయటివాళ్ళకు కిందికి వంగమన్నట్టు ఉంటుంది. లోపల నిలబడి నడవగలిగే బండి అయితే గెట్ ఆన్, గెట్ ఆఫ్: బస్సు, రైలు. వంగి ఎక్కి కూర్చునేదైతే గెట్ ఇన్, గెట్ అవుట్ ఆఫ్: కారు, ఆటో.

చేబదులు దగ్గర ఇచ్చేవాళ్ళది లెండ్, తీసుకునేవాళ్ళది బారో. "అన్నా, ఐదొందలుంటే ఇయ్యరాదే" అన్నప్పుడు ఇచ్చేది అన్న, కాబట్టి "కెన్ యూ లెండ్ మీ". "కెన్ యూ బారో మీ" అంటే అప్పు తలకిందులవుతుంది. వాక్యంలో కర్త మీరే అయితే "కెన్ ఐ బారో".

బయల్దేరేటప్పుడు "పోత" అనడం మనకు మంచిది కాదు, "పోయొస్త" అంటాం. దాన్నే "ఐ విల్ గో అండ్ కమ్" అని ఇంగ్లిషులో పెడితే అవతలివాళ్ళు మీరు తిరిగొస్తారని కాచుకుని కూర్చుంటారు. ఇక రాకపోతే "ఐ యామ్ లీవింగ్", కాసేపట్లో వస్తే "ఐ విల్ బి బ్యాక్".

విభక్తులు లాక్కొచ్చే అదనపు మాటలు

"దాని గురించి చర్చించాం"లో గురించి ఉంది, అందుకే "డిస్కస్‌డ్ అబౌట్". డిస్కస్‌లోనే గురించి ఇమిడి ఉంది, "వి డిస్కస్‌డ్ ది ప్రాబ్లమ్" చాలు. "హనుమకొండకు చేరినం"లోని కు వల్ల "రీచ్‌డ్ టు హనుమకొండ" వస్తుంది, టు తీసేయాలి. "పెళ్ళికి హాజరైనం"కు "అటెండెడ్ ది వెడ్డింగ్". "ఆమెతో పెళ్ళైంది"కి "మ్యారీడ్ హర్", విత్ వద్దు. "గదిలోకి వచ్చిండు"కు "ఎంటర్డ్ ది రూమ్". "ప్రశ్నకు జవాబు"కు "ఆన్సర్ ది క్వశ్చన్". రిక్వెస్ట్ క్రియ అయితే ఫర్ వద్దు: "ఐ రిక్వెస్ట్ లీవ్". నామవాచకమైతే ఫర్ కావాలి: "మై రిక్వెస్ట్ ఫర్ లీవ్". లీవ్ లెటర్లలో తప్పు ఎక్కువగా దొరికేది ఇక్కడే.

"కంటే" కూడా ఇట్లాంటిదే. కంటే అనగానే దాన్ అలవాటవుతుంది. సీనియర్, జూనియర్, ప్రిఫర్ మాత్రం టు అడుగుతాయి: "సీనియర్ టు మీ", "ఐ ప్రిఫర్ టీ టు కాఫీ".

కాలం చెప్పేటప్పుడు గడియారానికి ఎట్, రోజుకు, తేదీకి ఆన్, నెలకు, సంవత్సరానికి ఇన్. తెలంగాణ ఏర్పడింది "ఇన్ 2014", "ఇన్ జూన్", తేదీ చెబితే "ఆన్ 2 జూన్ 2014". "ఇన్ ది మార్నింగ్" అంటాం గాని రాత్రికి "ఎట్ నైట్".

ఇంకొకటి గౌరవం వల్ల వచ్చే తప్పు. "సారు వచ్చిండ్రు", "నాన్న చెప్పిండ్రు" అని బహువచనం పెట్టడం మన మర్యాద. దాన్నే "మై ఫాదర్ ఆర్ ఎ ఫార్మర్", "సర్ హావ్ టోల్డ్" అని ఇంగ్లిషులోకి తేకండి. అక్కడ క్రియలో గౌరవం ఉండదు. ఈజ్, హాజ్ అన్నంత మాత్రాన సారును చిన్నబుచ్చినట్టు కాదు.

"కదా", "అవును"

తెలుగులో ఒక్క "కదా" అన్ని వాక్యాలకూ సరిపోతుంది. అందుకే "ఇజంట్ ఇట్" కూడా అన్నిటికీ తగిలిస్తాం. ఇంగ్లిషు కదా వాక్యాన్ని బట్టి మారుతుంది, మూడు పనులు చేస్తే తయారవుతుంది. వాక్యంలోని సహాయక క్రియను పట్టుకోండి. ఉన్నదాన్ని లేదుగా, లేనిదాన్ని ఉందిగా తిప్పండి. చివర సర్వనామం పెట్టండి. "యూ ఆర్ కమింగ్ టు మేడారం, ఆరెంట్ యూ?" "షి కెన్ డ్రైవ్, కాంట్ షి?" సహాయక క్రియ కనపడకపోతే డూ, డజ్, డిడ్ లోపల దాగి ఉన్నట్టు: "హి వెంట్ హోమ్, డిడంట్ హి?" తొందరలో కుదరకపోతే "రైట్?" అనండి. మాటల్లో అది చెల్లుతుంది, రాతలో వద్దు.

లేదుతో అడిగిన ప్రశ్నకు జవాబు ఇంకా ప్రమాదం. "ఇంకా తినలేదా?" అంటే "అవును, తినలేదు" అంటాం. మన అవును అడిగినవాళ్ళ మాటను ఒప్పుకుంటుంది. ఇంగ్లిషు యెస్ జరిగినదాన్ని బట్టి వస్తుంది. తిన్నారంటే యెస్, తినలేదంటే నో, ప్రశ్న ఎట్లా అడిగినా సరే. ఒట్టి యెస్ అని ఊరుకుంటే మీరు తిన్నారనుకుంటారు. బ్యాంకులోనో ఆసుపత్రిలోనో ఇట్లాంటి యెస్ నష్టం చేస్తుంది. "నో, ఐ హావెంట్" అని వాక్యం పూర్తి చేయండి.

"నేను కూడా రాలే"కు "ఐ ఆల్సో డిడంట్ కమ్" అని కాదు, "ఐ డిడంట్ కమ్ ఈదర్" అనాలి. "లేదు" అర్థమున్న వాక్యంలో "కూడా"కు ఈదర్.

ధ్వని: తెలుగు లిపినే కొలబద్దగా పెట్టుకోండి

ఎ, యాన్ ఎక్కడ పెట్టాలన్న దానికి మన దగ్గర అందరికంటే సులువైన దారి ఉంది. తర్వాతి మాటను తెలుగు లిపిలో రాయండి. మొదటి అక్షరం అచ్చు అయితే యాన్, హల్లు అయితే ఎ. ఎమ్మెల్యే, ఆర్టీసీ బస్, ఎన్‌ఐటీ స్టూడెంట్: అచ్చులు, కాబట్టి యాన్. కేయూ స్టూడెంట్, యూనివర్సిటీ, యూరోపియన్, వన్ రూపీ కాయిన్: హల్లులు, కాబట్టి ఎ. ఇంగ్లిషు స్పెల్లింగులో యు, ఓ కనపడినా భయపడొద్దు, చెవికి వినపడేదే లెక్క. రెండు చోట్ల జాగ్రత్త. ఎమ్మెల్యేను "యమ్మెల్యే" అని పలికే అలవాటుంటే పలుకును కాదు, రాతను చూడండి. అవర్, ఆనెస్ట్, ఆనర్, ఎయిర్ అంటే వారసుడు, ఈ నాలుగింటిలో మొదటి హెచ్ పలకదు, కాబట్టి యాన్. "హానెస్ట్" అని హ పలికేవాళ్ళే ఇక్కడ ఎ పెడతారు.

వదులుగా ఉన్నదాన్ని మనం "లూజు" అంటాం. తికమకకు మూలం అదే. ఇంగ్లిషులో వదులుకు పలుకు లూస్, స్పెల్లింగులో ఓలు రెండు. పోగొట్టుకోవడానికి లూజ్, ఓ ఒకటే. వదులు బట్టకు గుడ్డ ఎక్కువ, ఓలూ ఎక్కువ. పోగొట్టుకుంటే ఒక ఓ కూడా పోయింది.

ఇదే స, జ తేడా అడ్వైస్, అడ్వైజ్‌లలో ఉంది. సలహా అనే నామవాచకం అడ్వైస్, స్పెల్లింగులో సి. సలహా ఇవ్వడం అడ్వైజ్, ఎస్. ఈ జంట చెవికి తెలుస్తుంది కాబట్టి దీన్ని తాళంచెవిగా వాడి, చెవికి తెలియని ప్రాక్టీస్, లైసెన్స్ తెరవండి: నామవాచకానికి సి, క్రియకు ఎస్. మన దేశంలో నడిచే బ్రిటిష్ పద్ధతి ఇది. అమెరికాలో ప్రాక్టీస్ రెండింటికీ సి, లైసెన్స్ రెండింటికీ ఎస్. ఒకే ఉత్తరంలో రెండు పద్ధతులూ కలపకండి.

లివ్, లీవ్, క్విట్, క్వైట్, క్వయెట్. వీటినీ తెలుగులో రాసి చూస్తే తేడా కళ్ళకు కడుతుంది. "ఐ లీవ్ ఇన్ హనుమకొండ" అని ఇక పడదు. వి, డబ్ల్యూలకు మాత్రం మన లిపి సాయం రాదు, రెండింటికీ "వ" ఒకటే. వికి పై పళ్ళు కింది పెదవిని తాకాలి. డబ్ల్యూకు పళ్ళు తగలకుండా పెదవులు గుండ్రంగా రావాలి. అద్దం ముందు బనియను అనే వెస్ట్, పడమర అనే వెస్ట్ పదేసి సార్లు పలికి చూసుకోండి.

స్పెల్లింగు జంటలు

ప్రిన్సిపల్: పి-ఏ-ఎల్‌తో ముగిసేది "అసలు". అప్పులో అసలు, కారణాల్లో అసలు కారణం, కాలేజీకి అసలు పెద్ద, మూడూ అదే మాట. "అసలు"లో అ ఉంది, స్పెల్లింగులో ఏ ఉంది. పి-ఎల్-ఇతో ముగిసేది సూత్రం.

స్టేషనరీ: ఆగి ఉన్నదానికి ఏ-ఆర్-వై, ఇంకు, కాగితాలకు ఇ-ఆర్-వై. ఆగికి ఏ, ఇంకుకు ఇ. ఈ రెండూ చుట్టాలే. మధ్యయుగాల యూరప్‌లో ఊరూరా తిరగకుండా ఒకచోట స్థిరంగా కొట్టు పెట్టుకున్న పుస్తకాల వ్యాపారిని స్టేషనర్ అన్నారు, ఆ కొట్టు సరుకు స్టేషనరీ అయింది.

అఫెక్ట్, ఇఫెక్ట్: ప్రభావం అనే నామవాచకం ఇ-ఎఫ్-ఎఫ్, ప్రభావం చూపడం అనే క్రియ ఏ-ఎఫ్-ఎఫ్. "ది రెయిన్ అఫెక్టెడ్ ది చిల్లీ క్రాప్", "ది ఇఫెక్ట్ ఆఫ్ రెయిన్ ఆన్ ది చిల్లీ క్రాప్". "మీద ప్రభావం" అంటాం కాబట్టి అఫెక్ట్ తర్వాత ఆన్ పెట్టబుద్ధవుతుంది, పెట్టకూడదు. ఆన్ నామవాచకానికే. ఇఫెక్ట్ క్రియగా వచ్చే సందర్భం ఒకటుంది, మార్పును అమలు చేయడం. ఆఫీసు ఉత్తర్వుల్లో కనపడితే తప్పనుకోకండి.

దెయిర్, దేర్: "వారి"లో వారసుడున్నాడు, హెచ్-ఇ-ఐ-ఆర్. "అక్కడ"లో ఇక్కడ ఉంది, హెచ్-ఇ-ఆర్-ఇ. ఇట్స్‌లో కామా గుర్తు పైన పెట్టాలా వద్దా అంటే, ఆ చోట "ఇట్ ఈజ్" లేక "ఇట్ హాజ్" పెట్టి చదవండి. అతికితే గుర్తు ఉండాలి, అతకకపోతే వద్దు. వరంగల్స్ అన్నప్పుడు గుర్తు పెడతాం కదా అని ఇక్కడా పెడతారు. హిజ్, హర్స్, అవర్స్‌కు లేనట్టే సర్వనామమైన దీనికీ లేదు. పోలిక చెప్పే దాన్‌లో ఏ, తర్వాత అనే దెన్‌లో ఇ. పొగడ్త అయితే కాంప్లిమెంట్‌లో ఐ, పూర్తిచేసేదైతే ఇ.

మన ఇంగ్లిషులో ఏది ఉంచాలి

ప్రిపోన్ ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీకి ఎక్కింది, నిశ్చింతగా వాడండి. కోబ్రదర్ అనేది తోడల్లుడికి ఇంగ్లిషులో మాట లేని లోటు తీర్చింది. మనలో మనం వాడుకుంటే తప్పేమీ లేదు, విదేశం పంపే కాగితంలో వివరించి రాయాలి. "పాస్‌డ్ అవుట్ ఇన్ 2022" అని బయోడేటాలో రాయకండి, బయటివాళ్ళకు స్పృహ తప్పినట్టు అర్థమవుతుంది. "గ్రాడ్యుయేటెడ్" అనండి. "ఐ హావ్ ఎ డౌట్" మన క్లాసులో చెల్లుతుంది, బయట మిమ్మల్ని నమ్మడం లేదన్నట్టు ఉంటుంది. "క్వశ్చన్" అనండి. "మైసెల్ఫ్ ఫలానా" మాత్రం ఎక్కడా వద్దు. "ఐ యామ్" చాలు.

సాధన, చివరి దిద్దుబాటు

వారానికి ఐదు జంటలకు మించి పెట్టుకోవద్దు. జంటలోని రెండింటినీ ఒకే రోజు పక్కపక్కన పెట్టి బట్టీ పడితే తికమక ఇంకా ముదురుతుంది. ముందు ఒకదాన్ని మూడు రోజులు వాడండి. అది నోట స్థిరపడ్డాకే రెండోదాన్ని తీయండి. ఒక్కో మాటకు మీ బతుకులోంచి మూడు వాక్యాలు రాయండి, మీ ఊరు, మీ పని, మీ ఇంటివాళ్ళ మీద. పుస్తకంలోని వాక్యం పరీక్షదాకే గుర్తుంటుంది.

కంప్యూటర్‌లో రాసేటప్పుడు వర్డ్‌లో రివ్యూ, లాంగ్వేజ్, సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్ వరసలో వెళ్ళి ఇంగ్లిష్ ఇండియా ఎంచుకోండి. లేకపోతే లైసెన్స్‌లాంటివి అమెరికా పద్ధతిలో దిద్దబడతాయి. ఎర్రగీత రాలేదని నమ్మకండి. దేర్, దెయిర్ రెండూ నిజమైన మాటలే కాబట్టి ఒట్టి స్పెల్లింగు తనిఖీకి తేడా పట్టుబడదు. నోట్‌బుక్‌లో మీకు ఎక్కువసార్లు పడ్డ మాటలు పది తీసి, కంట్రోల్ ఎఫ్ నొక్కి ఒక్కొక్కటే వెతకండి. సిన్స్ దొరికితే పక్కన వేలు పెట్టే చోటుందా, హాడ్ దొరికితే రెండు గతాలున్నాయా, అబౌట్ దొరికితే ముందు డిస్కస్ ఉందా అని చూడండి. రెండు పేజీల ఉత్తరానికి పావుగంట పడుతుంది.

ఇంటర్వ్యూ ముందు రోజు కొత్త జంట ఏదీ ముట్టుకోకండి. మీ పేరు, చదువు, ఎప్పటి నుంచి ఏ పని, ఇంట్లో ఎవరెవరు, ఈ ఉద్యోగం ఎందుకు: ఈ ఐదింటికి వాక్యాలు రాసి, ఒక్కోదాని కింద తెలుగు వాక్యం పెట్టి, పైకి చదవండి. తెలుగులో "నుంచి", "కు", "కూడా" ఎక్కడున్నాయో అక్కడ మళ్ళీ ఒకసారి ఆగి చూసుకోండి.